సారంగపాణి సారు, ఒక చెంబు నీళ్ళు

1983లో మార్చి నెలాఖరు నుంచి మే నెలాఖరు దాకా సారంగపాణి సారుకు అన్నం సయించలేదు. జబ్బేమీ లేదు. కమల తెలుగు పేపరు ఆయన గొంతులో అడ్డం పడి ఉంది. కమల ఆయన కూతురు కాదు, చుట్టమూ కాదు. పదో తరగతి బి సెక్షన్‌లో మూడో బెంచీ పిల్ల. ఆ పిల్ల తెలుగులో తప్పితే ఆ తప్పు తనదేనని ఆయన లెక్క. ఈ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య సోమక్కకు మాత్రం తెలిసిపోయింది. కంచంలో కలిపిన అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ తోస్తూ కూర్చునే మనిషిని చూస్తే ఏ భార్యకైనా తెలుస్తుంది.

సారంగపాణి వరంగల్‌లో, కరీమాబాద్ దగ్గరి ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు పండితుడు. పండితుడు అనగానే మనకు ఒక బొమ్మ కనబడుతుంది. భుజాన కండువా, నోటి నిండా పద్యాలు, మాటకు ముందొక శ్లోకం. ఈయనకు అవేవీ లేవు. మెట్రిక్ దాకా ఈయన చదువు ఉర్దూలో సాగింది. నైజాం రోజుల బడి. లెక్కలు, చరిత్ర, భూగోళం, అన్నీ ఉర్దూలోనే. ఇంట్లో అమ్మ మాట్లాడే భాషకు కూడా పుస్తకాలుంటాయని ఆయన కళ్ళారా చూసేసరికి పదిహేడేళ్ళు వచ్చాయి. యాభై దాటినా మార్కులు కూడేటప్పుడు ఆయన పెదవులు ఉర్దూలోనే కదులుతాయి. మొత్తం వేశాకే అది తెలుగు అంకె అవుతుంది.

అలాంటి మనిషి తెలుగు పండిత పరీక్ష ఎలా పాసయ్యాడంటే, అందరూ పాసయినట్టే. ఒక స్నేహితుడు చేతిరాతతో తయారు చేసిన నోట్సు ఇరవై నాలుగు పేజీలు, నెల రోజులు బట్టీ. ఆ పరీక్షకు ఒక పాత నవల ఉండేది. గ్రాంథిక భాష, రెండు వందల నలభై పేజీలు. సారంగపాణి ఆ నవల అట్ట కూడా చూడకుండా దాని మీద నాలుగు జవాబులు రాసి సెకండ్ క్లాసు తెచ్చుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు అదే నవలను పదో తరగతికి ఉపవాచకంగా పెట్టారు. పిల్లల ముందు నిలబడి మొదటి పేజీ తెరిచినప్పుడు, ఏ పిల్లవాడు ఏ ప్రశ్న అడుగుతాడోనని ఆయనకు చెమటలు పట్టాయి. చాలామంది నియమాల వెనక ఇలాంటి ఒక చెమట ఉంటుంది. పైకి మాత్రం ఆశయం అంటారు.

సారంగపాణి పెట్టిన నియమం ఇది. తన తరగతిలో గైడు కనబడకూడదు. కనబడితే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పబ్లిక్ పరీక్షలు అయ్యాకే తిరిగి ఇస్తాడు. శనివారం చివరి రెండు పీరియడ్లూ నవలకే. ఒకరు లేచి ఒక పేజీ చదవాలి. పక్కవాళ్ళు లేచి ఆ పేజీలో ఏం జరిగిందో ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పాలి. "చేయుచుండెను" అని చదివింది "చేస్తాంది" అయ్యాకే కూర్చోనిస్తాడు. నలభై రెండు మంది పిల్లలకు లైబ్రరీలో పదకొండు ప్రతులు. ఒక్కో పుస్తకం నలుగురి ఇళ్ళు తిరిగి వచ్చేది. మిగతా బళ్ళలో దసరాకల్లా నవల "అయిపోయేది", అంటే మాస్టారు కథా సంగ్రహం డిక్టేట్ చేసేవాడు. ఈయన బడిలో సంక్రాంతి దాటినా ఇంకా నూట ఎనభయ్యో పేజీలోనే ఉండేవారు. హెడ్మాస్టరు నెలకోసారి పిలిచి, సిలబస్ ఎక్కడి దాకా వచ్చిందని అడిగేవాడు. సారంగపాణి తల వంచుకుని పేజీ నంబరు చెప్పేవాడు.

పాత నవలలు చదివితే పిల్లలకు సంస్కారం అబ్బుతుందని సభల్లో చెప్పేవాళ్ళున్నారు. ఆ చెప్పేవాళ్ళ సంస్కారం చూస్తే ఆ మాట మీద నమ్మకం పోతుంది. సారంగపాణి అలాంటి మాట ఎన్నడూ అనలేదు. తాను చదవకుండా రాసిన జవాబుల సిగ్గు ఇంకో నలభై మందికి ఉండకూడదని మాత్రం అనుకున్నాడు. అది మంచి కారణమో కాదో గానీ, పదిహేనేళ్ళ పిల్లల్ని రెండు వందల నలభై పేజీల గుండా నడిపించడానికి సరిపోయింది.

కమల ఈ నడకలో వెనకబడ్డ పిల్ల. బడిలో ఆలస్యంగా వేసినందువల్ల పదో తరగతికే పదిహేడేళ్ళు. తండ్రి లేడు. తల్లి సమ్మమ్మ మార్కెట్లో మిర్చి షెడ్డులో కాయలకు తొడిమలు తీసే పని చేస్తుంది. సీజనులో కమల కూడా బడి విడిచాక అక్కడికే పోతుంది. వేళ్ళకంటిన మిరప ఘాటు కాగితానికి అంటకూడదని ఆ పిల్ల పుస్తకం పేజీలను వేళ్ళ వెనక భాగంతో తిప్పేది. అయినా ఆమె ఇంటి నుంచి తిరిగొచ్చిన ప్రతిని తెరిస్తే సారుకు తుమ్ములు వచ్చేవి. తరగతి అంతా నవ్వేది. ఆ తుమ్మును బట్టే ఆయనకు ఒక సంగతి అర్థమైంది. ఈ పిల్ల నిజంగానే ప్రతి పేజీ తిప్పుతోంది.

దసరా సెలవులు కాగానే సమ్మమ్మ బడికి వచ్చింది. మిర్చి గుడ్డ నడుముకు చుట్టుకుని వరండాలో నిలబడి సంగతంతా చెప్పింది. దవాఖానలో మల్లికార్జున్ అనే కాంపౌండరు ఉన్నాడు. పదో తరగతి పాసయితే పిల్లకు నర్సు ట్రైనింగు దరఖాస్తు తనే రాసి పెడతానన్నాడు. జూన్‌లో ఇవ్వాలి. ఇప్పుడు తప్పి సెప్టెంబరు పరీక్షకు పోతే ఆ ఏడు దాటిపోతుంది. ఆ ఏడు దాటితే ఏమవుతుందో సమ్మమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెద్ద బిడ్డ రాజక్క ఒక సబ్జెక్టు తప్పి, మళ్ళీ రాస్తానని మిర్చి షెడ్డులో కూర్చుని, అట్లాగే ఉండిపోయింది. నాలుగేళ్ళయింది.

"గందుకే సారు, జర గైడు చదవనియ్యండ్రి. అన్ని బళ్ళల్ల పిల్లలు అదే చదువుతాండ్రట."

"గైడు చదివితె ఏమొస్తదమ్మా?" అన్నాడు సారంగపాణి. ఇది ఆయన అందరికీ వేసే ప్రశ్న.

"పాసొస్తది సారు. మాకు గదే గావాలె."

ఆయన అన్నీ తెలిసినట్టు ముఖం పెట్టి, పిల్ల మంచిగనే చదువుతాంది, ఫికర్ చేయకు అని పంపించాడు. ఆమె గేటు దాకా పోయి వెనక్కి తిరిగి ఒకసారి చూసింది. ఆ చూపు ఆయన వెంట చాలాకాలం నడిచింది.

నవల చివరి పేజీ ఫిబ్రవరి రెండో శనివారం వచ్చింది. కథ పెద్దదేమీ కాదు. తండ్రి పోగానే అన్న తన చెల్లెల్ని, ఆమె చంటిపిల్లతో సహా, ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. చెల్లెలు పన్నెండేళ్ళు నానా కష్టాలు పడి ఒక గూడు ఏర్పాటు చేసుకుంటుంది. ఆస్తి పోగొట్టుకున్న అన్న ఒక వేసవి మధ్యాహ్నం ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తుంది. అతడు తాగుతాడు. ఆమె గడపలోనే నిలబడి ఉంటుంది. నవల అక్కడ ఆగిపోతుంది.

ఆ పేజీ చదివే వంతు కమలది. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా తడుముకుంటూ చదివి ముగించింది. సారంగపాణి పుస్తకం మూసి, చెల్లెలి క్షమాగుణం గురించి మొదలుపెట్టాడు. ప్రతి ఏడూ ఇక్కడ చెప్పే నాలుగు వాక్యాలే. అన్న చేసిన ద్రోహాన్ని మరచి, అతని దాహం తీర్చి, క్షమకు ప్రతిరూపంగా నిలిచింది వగైరా. ఆ వాక్యాలు ఎక్కడివో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. ఇరవై నాలుగు పేజీల పాత నోట్సులోవే. నవలను పద్నాలుగుసార్లు పిల్లలతో చదివించాడు గానీ, ఆ చివరి పేజీకి వచ్చేసరికి ప్రతిసారీ చెవిలో నోట్సు మోగేది.

కమల ఇంకా కూర్చోలేదు.

"క్షమించలే గద సారు."

సారంగపాణి ఎట్లా అని అడిగాడు.

"తాగటానికి ఇచ్చింది. కాళ్ళకియ్యలే. ఇంటికొచ్చిన సొంత అన్నకు ముందుగాల కాళ్ళకు నీళ్ళిస్తరు. తాగే నీళ్ళు ఎవలకైనా ఇస్తరు సారు. బాటెంబడి పోయెటోనికి గూడ ఇస్తరు."

ఎవరో వెనక బెంచీలోంచి, పగోనికి గూడ ఇస్తరు అన్నారు. కమల తలూపి, ఇంకా చెప్పింది. ఆమె గడపలో నుంచి పక్కకు జరగలేదు, మరి ఆయన లోపలికి ఎట్లా పోవాలె?

సారంగపాణి పుస్తకం మళ్ళీ తెరిచాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, ఆ పేజీ తనలో తాను చదివాడు. కాళ్ళకు నీళ్ళ మాట ఎక్కడా లేదు. లోపలికి రమ్మన్న మాట కూడా లేదు. ఆయన పుట్టి పెరిగిన ఇంట్లో ఎవరు వచ్చినా వాకిట్లో బిందె, దాని మీద చెంబు. కాళ్ళు కడుక్కున్నవాడు చుట్టం, కడుక్కోనివాడు పని మీద వచ్చినవాడు. ఇది చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి, పద్నాలుగేళ్ళు ఆ చెంబును చూసీ చూడలేదు. మిరప ఘాటు వేళ్ళ పిల్ల చూసింది.

ఆ క్షణంలో ఆయనకు కలిగిన సంతోషమే తర్వాత రెండు నెలలు ఆయన్ను తిన్నది. నవలలు చదివించడం దండగ కాదని నలభై రెండు మంది ఎదుట రుజువైనట్టు అనిపించింది. ఉబ్బిపోయాడు.

"నువ్వు జెప్పిందే నిజం బిడ్డా," అన్నాడు. "పరీక్షల గిదే రాయి. ఎవనికీ భయపడకు."

పరీక్ష రోజు సారంగపాణికి వేరే సెంటర్లో డ్యూటీ. ప్రశ్నపత్రం చేతికి వచ్చింది. ఉపవాచకం కింద పది మార్కుల ప్రశ్న ఒకటే. ఎంచుకోవడానికి ఇంకొకటి ఇవ్వలేదు. నవలలో చెల్లెలి క్షమాగుణమును వివరింపుము.

క్షమించిందా లేదా అని కాదు. క్షమించింది, వివరించు. ఆ ప్రశ్న రాసినవాడు కూడా నవల చదవలేదని, ఎర్రట్ట గైడు ముందేసుకుని రాశాడని సారంగపాణికి చూడగానే తెలిసిపోయింది. తనలాంటివాడే. అర్ధసంవత్సర పరీక్షలో కమలకు తెలుగులో ముప్పై ఎనిమిది వచ్చాయి. పాసు మార్కు ముప్పై ఐదు. ఈ పదిలో సున్నా వస్తే మిగిలేది ఎంతో ఆయన పెదవులు ఉర్దూలో లెక్కవేశాయి. మళ్ళీ వేశాయి. అంకె మారలేదు.

సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ కమల సెంటరుకు పోయాడు. గేటు బయట పిల్ల తల్లితో కలిసి మార్కెట్ వైపు నడుస్తోంది. ఆపి, ఉపవాచకం ప్రశ్న రాసినవా అని అడిగాడు. రాసిన సారు, మంచిగనే రాసిన అంది. ఏం రాశావని అడగాలి. అడగలేకపోయాడు. పక్కన సమ్మమ్మ నిలబడి ఆయన ముఖమే చూస్తోంది. తాను చెప్పిందే రాశానని పిల్ల అంటే ఆ తల్లి ముందు ఏ ముఖం పెట్టాలి? మంచిది, మంచిది అని రెండుసార్లు అని సైకిలు తిప్పుకున్నాడు.

ఏప్రిల్‌లో హనుమకొండలో పేపర్లు దిద్దే క్యాంపు. ఎవరి జిల్లా పేపర్లు వాళ్ళకు రావు. వరంగల్ పేపర్లు ఏ జిల్లాకు పోయాయో ఎవరికీ చెప్పరు. కమల రాసిన జవాబు ఏదో ఊళ్ళో, ముఖం తెలియని ఒక మాస్టారు బల్ల మీద ఉంటుంది. సారంగపాణి బల్ల మీద వేరే జిల్లా పిల్లల పేపర్లు. మొదటి రోజే అందరికీ సైక్లోస్టైల్ చేసిన కాగితం పంచారు. ఏ జవాబుకు ఏయే పాయింట్లకు ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. దాన్ని స్కీము అంటారు. క్షమాగుణం కింద ఐదు పాయింట్లు. ఐదూ గైడులోవే, వరుస కూడా మారలేదు.

ఆయన ఆ కాగితం పట్టుకుని చీఫ్ ఎగ్జామినర్ రాజేశ్వర్ రావు దగ్గరికి పోయాడు. రాజేశ్వర్ రావు పరకాల వైపు హెడ్మాస్టరు, రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్నవాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. సారంగపాణి కాళ్ళకు నీళ్ళ సంగతంతా చెప్పాడు. తన బడి పిల్ల పేరు చెప్పలేదు. హాల్లో దిద్దుతున్నవాళ్ళు కలాలు ఆపి వినసాగారు, ఎండాకాలం, పైగా ఫ్యాను తిరగడం లేదు. ఒకాయన, మా ఊళ్ళో కాళ్ళకు నీళ్ళు ఇవ్వకపోతే చుట్టం వాకిట్లోంచే తిరిగిపోతాడని ఒప్పుకున్నాడు. ఇంకొకాయన, మండుటెండలో వచ్చినవాడికి ముందు గొంతు తడపాలి గానీ కాళ్ళు కాదన్నాడు. నవల రాసినాయన కోస్తా మనిషి, వాళ్ళ దగ్గర ఏం పద్ధతో మనకేం తెలుసని మూడో ఆయన. వాదన ముదిరేసరికి రాజేశ్వర్ రావు బల్ల మీద కొట్టి, ఈ నవల మొత్తం చదివినవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

ముప్పై మందిలో నాలుగు చేతులు లేచాయి. అందులో ఒకటి అటెండరు యాకయ్యది. చాయ్ గ్లాసులు ఒక చేతిలో పట్టుకుని రెండో చెయ్యి ఎత్తాడు. మా బిడ్డ చదువుతుంటే విన్న సార్ అన్నాడు. హాలంతా నవ్వింది. సారంగపాణి నవ్వలేదు.

రాజేశ్వర్ రావు ఆయన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. స్కీము హైదరాబాదు నుంచి వచ్చింది, అన్ని జిల్లాల్లో ఒకటే కాగితం, ఒక్కరి కోసం మార్చడం తన చేతిలో లేదు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు పాణి గారూ. గని నిజానికి స్కీముల మార్కులు లెవ్వు."

ఆ తర్వాత సారంగపాణి రోజుకు నలభై పేపర్ల చొప్పున దిద్దాడు. ప్రతి పేపర్లో చెల్లెలు అన్నను క్షమించింది, అవే ఐదు పాయింట్లలో, అవే మాటల్లో. వందల మంది పిల్లలు ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టుంది. ఆరో రోజున ఒక పేపరు వచ్చింది. చెయ్యి తిరగని దస్తూరీ. క్షమించింది అని ప్రశ్నలో ఉంది కానీ ఆమె తలుపు దగ్గరే నిలబడింది, కాబట్టి నాకు అట్లా అనిపించలేదు అని రాసి ఉంది. ఇది ఏ ఊరి పిల్లదో, ఏ మాస్టారు చదివించాడో! పదికి ఏడు వేశాడు. సాయంత్రం రాజేశ్వర్ రావు తనిఖీకి తీసిన పేపర్లలో అది కూడా పడింది. ఆకుపచ్చ సిరాతో ఏడు కొట్టేసి రెండు వేశాడు. ఆ రెండూ దస్తూరీకి అన్నాడు. దస్తూరీ ఏమాత్రం బాగాలేదు. పాపం, జాలిపడి వేసిన మార్కులు.

కమల పేపరుకు ఏం జరిగి ఉంటుందో ఇక ఊహించుకోనక్కర్లేదు. ఆకుపచ్చ సిరాలో చూశాడు.

ఇంట్లో సోమక్కకు చివరికి చెప్పాడు. ఆమె విని, అన్నం గిన్నె మీద మూత పెట్టి, మీరేమో నోట్సు చదివి పాసయితిరి, పిల్లనేమో నవల చదివి తప్పుమంటిరి అంది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమె అన్న మాటల్లో ఇంత సూటిగా తగిలింది లేదు. ఆ రాత్రి ఆయన బీరువా తాళంచెవి జేబులోంచి తీసి చాలాసేపు చూశాడు. బడిలో ఆ బీరువాలో, పరీక్షలయ్యాక కూడా ఎవరూ వచ్చి అడగని గైడులు పదిహేడు ఉన్నాయి. ఆ పదిహేడు మంది సంగతేమిటని అప్పుడు తోచింది. కమల ఒక్కతే కాదు. మిగతా నలభై ఒక్క మందికి కూడా తను అదే చెప్పాడు. వాళ్ళంతా బయటపడతారు, వాళ్ళకు యాభైలూ అరవైలూ వస్తాయి, పది పోయినా నిలబడతారు. కమలకు మూడు మార్కుల సందు మాత్రమే ఉంది. ఆశయాలన్నీ ఇంతే. మార్కులు మిగిలినవాళ్ళకు ఖర్చు ఉండదు.

ఫలితాలు మే ఇరవై ఎనిమిదిన వచ్చాయి. పాసయిన నంబర్లు పేపర్లో వేస్తారు. సారంగపాణి మధ్యాహ్నం ఒంటిగంటకు బస్టాండు దగ్గర పేపరు కొన్నాడు. కమల నంబరు కాగితం ముక్క మీద రాసి రెండు నెలలుగా జేబులోనే ఉంది. పేపరు మడత విప్పలేదు. విప్పి, ఆ నంబరు లేకపోతే, ఇక ఆ ఇంటికి పోయే ధైర్యం తనకు రాదని తెలుసు. విప్పకుండా పోతే కనీసం అక్కడ నిలబడి, తప్పు నాదేనని చెప్పవచ్చు. కాబట్టి పేపరు చంకలో పెట్టుకుని, ఆ ఎండలో, శివనగర్ సందుల్లోకి నడిచాడు. సైకిలు టైరు అదే రోజు పంక్చరయింది.

సమ్మమ్మ ఇల్లు ఒకటే గది. ముందు వాకిట్లో గోనెపట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. సమ్మమ్మ ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకుని వాటిని తిరగవేస్తోంది. ఆయన్ను చూసి లేచింది. ఏమీ అనలేదు. లోపలికి పోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. గడపలో నిలబడింది.

తాగే నీళ్ళు. సారంగపాణి చెంబును చూశాడు. వాకిట్లో అటూ ఇటూ చూశాడు. కాళ్ళు కడుక్కోవడానికి బిందె లేదు, ఇంకో చెంబు లేదు. మోకాళ్ళ దాకా ఎర్ర దుమ్ము. ఆమె పక్కకు జరగలేదు. పద్నాలుగు బ్యాచ్‌లకు తప్పుగా చెప్పిన చివరి పేజీ ఇప్పుడు ఆయన ముందు నిలబడి ఉంది. దాన్ని ఎలా చదవాలో ఈమె బిడ్డే నేర్పింది. చెంబు ఎత్తి గటగటా తాగాడు. సగం మీద పోసుకున్నాడు.

"నాదే తప్పు సమ్మమ్మా," అన్నాడు. "పిల్లది గాదు."

సమ్మమ్మ మూతికి కట్టిన గుడ్డ కిందికి లాగింది.

"ఏం తప్పు సారు? పిల్ల పాసాయె గద. పొద్దుగాలనే కాంపౌండరు సారు చూసి చెప్పిండు. మీరు మిఠాయి తెస్తరనుకున్న."

ఆయన చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక చెంబులోకి చూశాడు. అందులో చుక్క నీళ్ళు లేవు. లోపలి నుంచి కమల వచ్చింది. సారు ముఖం, దుమ్ము కాళ్ళు, ఖాళీ చెంబు, గడపలో తల్లి. ఆ పిల్లకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"అమ్మా, సారుకు కాళ్ళకు నీళ్ళు ఇయ్యలేదని పరేషానయితాండు."

సమ్మమ్మ ఉలిక్కిపడి, నొచ్చుకుంది. నల్లాలో నీళ్ళు వచ్చి మూడు రోజులయింది. ఇంట్లో ఉన్నది ఒక్క చెంబెడే. ఎండలో వచ్చారని అది తాగడానికి ఇచ్చింది. కాళ్ళకు పోద్దామంటే ఎక్కడి నుంచి తేవాలి? గడపలో ఎందుకు నిలబడిందంటే లోపల మంచం కూడా ఖాళీగా లేదు, దాని మీద కూడా మిరపకాయలే ఆరబోసింది. ఇదంతా చెబుతూ ఆమె గోనెపట్టా ఒకటి దులిపి నీడలో పరిచింది. సారంగపాణి కూర్చున్నాడు.

కొంచెం తేరుకున్నాక, రెండు నెలలుగా అడగలేని మాట అడిగాడు. ఆ ప్రశ్నకు ఏం రాశావు?

కమల తల్లి వైపు చూసింది. తల్లి మిరపకాయల వైపు చూసింది. తర్వాత సమ్మమ్మే లేచి, మూలనున్న బియ్యం కుండ వెనక నుంచి ఎర్రట్ట గైడు తెచ్చి ఆయన ముందు పెట్టింది. అంచులు నలిగి, పేజీ పేజీకి మిరప మరకలు.

"మీ దగ్గరికొచ్చిన నాడే కొన్న సారు. మీ ముఖం చూసినంక మీరు ఒప్పుకోరని తెల్సింది."

సారంగపాణి గైడు తెరిచాడు. తుమ్ము వచ్చింది. కమల నేల మీద వేలితో గీతలు గీస్తూ, ప్రశ్నలోనే క్షమించిందని రాశారు గదా, వాళ్ళకు కావలసింది అదే అనిపించి ఆ ఐదు పాయింట్లూ రాసేశానని చెప్పింది. మీరు కోపం చేస్తరని ఆ రోజు చెప్పలే అంది.

"రెండూ చదివిన సారు. నవల మీకు, గైడు పరీక్షకు."

ఆయనకు కోపం రాలేదు. ఊపిరి మాత్రం బాగా ఆడింది. రెండు నెలల తర్వాత మొదటిసారి, ఛాతీ అడుగు దాకా. దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఊపిరంత తేలికైంది కాదు. తాను ఇరవై నాలుగు పేజీల నోట్సుతో చేసిందే ఈ పిల్ల ఎర్రట్టతో చేసింది. తేడా ఒకటే. ఈమెకు తాను రాసింది అబద్ధమని తెలుసు. అది మంచిదో, ఇంకా చెడ్డదో ఆయన తేల్చుకోలేకపోయాడు.

"మరి నిజంగ నీకేమనిపిస్తది? ఆమె క్షమించిందా, లేదా?" అన్నాడు. పరీక్ష అయిపోయాక ఈ ప్రశ్న అడిగే మాస్టారు వరంగల్లో ఇంకొకరు ఉండరు.

కమల ఖాళీ చెంబు చూసింది. వాకిట్లో ఎండ చూసింది.

"అప్పుడు క్షమించలేదనే అనుకున్న సారు. ఇప్పుడేమో తెలుస్తలేదు. ఎండకాలం అని రాసిండ్రు గద. ఆమె ఇంట్ల గూడ ఒక్క చెంబెడే ఉన్నయేమో. బాయి ఎండిందేమో."

సారంగపాణి నోరు తెరిచాడు. జూన్‌లో కొత్త బ్యాచ్ వస్తుంది. మళ్ళీ ఆ చివరి పేజీ వస్తుంది. ఇప్పుడు దానికి మూడు అర్థాలు. స్కీములో ఒకటే. బీరువాలో పదిహేడు గైడులు. ఏది చెప్పాలి, ఏది రాయమనాలి? వచ్చే ఏడు మూడో బెంచీలో ఎవరి బిడ్డ కూర్చుంటుంది, ఆ పిల్లకు ఎన్ని మార్కుల సందు ఉంటుంది? అన్నం మళ్ళీ సయించని కాలం ఎంతో దూరంలో లేదని ఆయనకు తెలిసిపోయింది. ఏదో అనబోయాడు.

అప్పుడే సందు చివర నల్లా బుస్సుమంది. ఇళ్ళల్లోంచి బిందెలు చప్పుడు చేస్తూ బయటికొచ్చాయి. సమ్మమ్మ మూతి గుడ్డ విసిరేసి ఒక బిందె, కమల ఇంకో బిందె పట్టుకుని పరుగెత్తారు. వాకిట్లో ఆయన ఒక్కడే మిగిలాడు, చంకలో పేపరు. ఇప్పుడు మడత విప్పి, వేలు పెట్టుకుని, కమల నంబరు వెతికాడు. ఉంది. పెదవులు కదిపి ఒక్కో అంకే ఉర్దూలో చదువుకున్నాడు.

కమల మొదటి బిందెతో ముందు తిరిగొచ్చింది. నడుం మీది నుంచి నీళ్ళు చిందుతున్నాయి. చెంబు ముంచి ఆయన కాళ్ళ దగ్గర నిలబడింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కాళ్ళు చాపుండ్రి సారు," అంది. "మొదటి బిందె తుప్పు నీళ్ళు. తాగటానికి ఎట్లాగూ పనికిరావు."